మిగెల్ టోరెస్: ఫ్రెంచ్ ద్రాక్షతో పారిస్‌లో గెలిచారు.. మాయమైన సొంత ద్రాక్ష కోసం పేపర్లో ప్రకటన ఇచ్చారు!

మీ పొలంలో పేరు తెలియని ద్రాక్ష తీగ ఏమైనా ఉందా? ఉంటే కబురు చేయండి.. స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతంలో 1980లలో స్థానిక పత్రికల్లో వచ్చిన ప్రకటనల సారాంశం ఇది. ఆ ప్రకటన ఇచ్చింది ఆ దేశంలోనే పెద్ద వైన్ కుటుంబాల్లో ఒకటైన టోరెస్ కుటుంబం. దాని వెనక ఉన్న మనిషి పేరు మిగెల్ అగస్టిన్ టోరెస్. విచిత్రం ఏంటంటే, స్పెయిన్ నేలలో ఫ్రెంచ్ ద్రాక్ష నాటి పేరు తెచ్చుకున్నది కూడా ఆయనే. మరి అలాంటి మనిషి ఉన్నట్టుండి పాత నాటు తీగల కోసం ఎందుకు వెతికారు? ఈ ప్రశ్నకు జవాబు తెలియాలంటే 150 ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

ఒక్క మాట ముందే. ఈ కుటుంబంలో 'మిగెల్' పేరు పలు తరాల్లో వినిపిస్తుంది. కన్ఫ్యూజ్ కాకుండా ఉండాలంటే ఇలా గుర్తుపెట్టుకుంటే చాలు. తండ్రి మిగెల్ టోరెస్ కార్బో, ఈ కథలో హీరో మిగెల్ అగస్టిన్ టోరెస్, ఆయన కొడుకు మిగెల్ టోరెస్ మక్జాసెక్.

క్యూబా వెళ్లిన చిన్న కొడుకు

బార్సిలోనా నగరానికి దగ్గర్లో పెనెడెస్ అనే ప్రాంతం ఉంది. విలాఫ్రాంకా డెల్ పెనెడెస్ అక్కడి ముఖ్య పట్టణం. టోరెస్ వాళ్లు తరాలుగా అక్కడ ద్రాక్ష పండించే రైతులు. కాటలోనియాలో అప్పట్లో ఓ ఆచారం ఉండేది. ఆస్తి మొత్తం పెద్ద కొడుక్కే వెళ్తుంది, మిగతా వాళ్లు తమ దారి తాము చూసుకోవాలి. అలా చేతిలో ఏమీ లేకుండా ఓడెక్కి క్యూబా వెళ్లిన చిన్న కొడుకు హైమే టోరెస్. అక్కడ చమురు, ఓడల వ్యాపారంలో బాగా సంపాదించారు. తిరిగొచ్చాక 1870లో సోదరుడు మిగెల్‌తో కలిసి విలాఫ్రాంకాలో వైనరీ పెట్టారు. కంపెనీ పుట్టిన ఏడాదిగా ఇప్పటికీ చెప్పుకునేది అదే.

రైల్వే స్టేషన్‌కి దగ్గరగా వైనరీ కట్టడం ఆ రోజుల్లో తెలివైన పని. పీపాలు రైలెక్కితే నేరుగా రేవుకే. హైమేకి భారీతనం అంటే కూడా మోజు. 6 లక్షల లీటర్లు పట్టే చెక్క తొట్టి చేయించారు. అప్పట్లో ప్రపంచంలోనే అతి పెద్దదని చెప్పుకునేవాళ్లు. 1904లో స్పెయిన్ రాజు 13వ అల్ఫోన్సో వచ్చినప్పుడు ఆ తొట్టి లోపలే విందు ఏర్పాటు చేశారంటే అదెంత పెద్దదో ఊహించుకోవచ్చు.

రెండో తరంలో సంస్థ హువాన్ టోరెస్ కసాల్స్ చేతికి వచ్చింది. 1928లో బ్రాందీ తయారీ మొదలుపెట్టింది ఆయనే. ఆయన చనిపోవడంతో 1932లో కొడుకు మిగెల్ టోరెస్ కార్బో పగ్గాలు అందుకున్నారు. అప్పటికి వయసు 23.

బాంబు పడింది.. మొత్తం పోయింది

1936లో స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలైంది. 1939 జనవరిలో, యుద్ధం ముగింపుకి వచ్చిన రోజుల్లో, విలాఫ్రాంకా మీద బాంబులు పడ్డాయి. స్టేషన్ పక్కనే ఉండటం అప్పటిదాకా వైనరీకి కలిసొచ్చింది. ఆ రోజు మాత్రం అదే శాపమైంది. వైనరీ ధ్వంసమైంది, రాజు కూర్చుని భోంచేసిన ఆ తొట్టి కూడా మిగల్లేదు.

మిగెల్ కార్బో 1940లో వైనరీని మళ్లీ కట్టారు. కట్టడంతో పాటు ఓ పెద్ద నిర్ణయం కూడా తీసుకున్నారు. అప్పటివరకు ఎక్కువగా పీపాల్లో పేరు లేకుండా అమ్ముడుపోయే సరుకు ఇకపై సొంత లేబుల్‌తో సీసాల్లోనే వెళ్లాలి. పీపాలో పోయే సరుకుకి ధర కొనేవాడు చెప్తాడు, సీసా మీద పేరుంటే ధర అమ్మేవాడు చెప్తాడు. రెండో ప్రపంచ యుద్ధం వల్ల ఫ్రాన్స్ వైన్ అమెరికాకి చేరడం లేదు. ఆ ఖాళీలోకి ఈయన దూరారు. భార్య మార్గరీటా రియేరాతో కలిసి సీసాలు పట్టుకుని దేశదేశాలు తిరిగారు.

1954లో 'సాంగ్రె డె టోరో' వచ్చింది. తెలుగులో చెప్పాలంటే 'ఎద్దు రక్తం'. మెడకు చిన్న ప్లాస్టిక్ ఎద్దు బొమ్మ వేలాడే ఆ సీసా ఇప్పటికీ ఎయిర్‌పోర్టు షాపుల్లో కనిపిస్తుంది. 1956లో 'విన్యా సోల్' అనే వైట్ వైన్ వచ్చింది. రెండూ సామాన్యులు కొనగలిగే వైన్లే. టోరెస్ అంటే అప్పటికి అంతే.. నమ్మకమైన సరుకు, అందుబాటు ధర. గొప్ప వైన్ అంటే మాత్రం జనం చూపు ఫ్రాన్స్ వైపే.

డిజాన్ నుంచి తిరిగొచ్చిన కుర్రాడు

మిగెల్ అగస్టిన్ 1941లో బార్సిలోనాలో పుట్టారు. అక్కడి యూనివర్సిటీలో కెమిస్ట్రీ చదివారు. 1959లో ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతానికి, డిజాన్ నగరానికి వెళ్లి ద్రాక్ష సాగు, వైన్ తయారీ నేర్చుకున్నారు. 1962లో ఇంటికొచ్చి కంపెనీలో చేరారు. అప్పటికి వయసు 21.

వచ్చాక చేసిన మార్పులు ఇప్పుడు వింటే మామూలుగానే అనిపిస్తాయి. ఆ రోజుల్లో స్పెయిన్‌లో అవి తిరుగుబాటు లాంటివి.

మొదటిది, స్టీల్ ట్యాంకులు. ద్రాక్ష రసం పులిసేటప్పుడు దానంతట అదే వేడెక్కుతుంది. ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాల్‌గా మారుస్తూ వేడి వదులుతుంది. కాటలోనియా లాంటి వేడి ప్రాంతంలో ఆ వేడి అదుపు తప్పితే పండు వాసన ఆవిరైపోతుంది. కొన్నిసార్లు ఈస్ట్ చచ్చిపోయి పులియడం మధ్యలోనే ఆగిపోతుంది. పాత సిమెంటు, చెక్క తొట్లలో దీన్ని ఆపడం కష్టం. బయట చల్లటి నీరు తిరిగే స్టీల్ ట్యాంకులో అయితే ఎంత డిగ్రీలు కావాలంటే అంత దగ్గర ఆపొచ్చు. స్పెయిన్ వైట్ వైన్ తాజాగా, పండు రుచితో బయటకు రావడానికి ఈ ఒక్క మార్పు ఎంతో ఉపయోగపడింది.

రెండోది, చిన్న ఓక్ పీపాలు. ఏళ్ల తరబడి పెద్ద పీపాల్లో నానబెట్టే పాత అలవాటు తగ్గించారు.

మూడోదే అసలు గొడవ తెచ్చింది. కాబెర్నే సావిన్యోన్, షార్డనే లాంటి ఫ్రెంచ్ రకాలను పెనెడెస్ నేలలో నాటారు. మన నేలలో పరాయి ద్రాక్ష ఏంటని విమర్శలు వచ్చాయి. నిజం చెప్పాలంటే ఆ విమర్శలో పస లేకపోలేదు. పెనెడెస్‌కి సొంత రకాలు లేకనా? పరెయాదా, షరెల్లో, మకబేయో లాంటివి తరాలుగా ఉన్నాయి. కానీ మిగెల్ లెక్క వేరు. ప్రపంచం కొలిచేది ఫ్రెంచ్ కొలతతో అయితే, ఆ కొలతలోనే నెగ్గి చూపించాలి.

పారిస్‌లో ఏం జరిగింది?

1960ల మధ్యలో కాబెర్నే నాటిన తోట పేరు మాస్ లా ప్లానా. విస్తీర్ణం 29 హెక్టార్లు, అంటే సుమారు 72 ఎకరాలు. 1970 పంటతో తొలి వైన్ వచ్చింది. లేబుల్ నల్ల రంగులో ఉండటంతో 'గ్రాన్ కొరోనాస్ బ్లాక్ లేబుల్' అని పిలిచారు.

1979లో ఫ్రాన్స్‌కి చెందిన ఫుడ్ గైడ్ 'గో మియో' పారిస్‌లో వైన్ ఒలింపియాడ్ నిర్వహించింది. ఇలాంటి పోటీల్లో లేబుళ్లు కప్పేసి రుచి చూపిస్తారు. గ్లాసులో ఉన్నది ఏ దేశానిదో న్యాయనిర్ణేతలకు తెలియదు. కాబెర్నే విభాగం ఫలితం వచ్చేసరికి అందరూ అవాక్కయ్యారు. మొదటి స్థానం 1970 గ్రాన్ కొరోనాస్ బ్లాక్ లేబుల్‌ది. ఓడిన వాటిలో బోర్డో ప్రాంతానికి కిరీటం లాంటి షాటో లాటూర్ 1970 కూడా ఉంది. ప్లాస్టిక్ ఎద్దు బొమ్మ వేలాడదీసే కంపెనీ, ఫ్రాన్స్ గడ్డ మీద, ఫ్రాన్స్ ద్రాక్షతో, ఫ్రాన్స్ దిగ్గజాన్ని కొట్టింది!

ఒక్క పోటీతో ఏ వైన్ గొప్పదో తేలిపోదు. అదే సీసాలు ఇంకో రోజు తెరిస్తే వరుస మారొచ్చు. అయినా ఆ రోజు నుంచి స్పెయిన్ వైన్‌ని చూసే చూపు మారిందన్నది మాత్రం నిజం.

ఒక కాలు చిలీలో.. చెల్లెలు కాలిఫోర్నియాలో

అదే 1979లో మిగెల్ దక్షిణ అమెరికా వెళ్లారు. చిలీ రాజధాని శాంటియాగోకి దక్షిణాన దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో ఉన్న కురికోలో వైనరీ కొన్నారు. ఆధునిక కాలంలో చిలీకి వచ్చిన తొలి విదేశీ వైన్ కంపెనీ ఇదే. అక్కడ కూడా స్టీల్ ట్యాంకులతోనే మొదలుపెట్టారు. అప్పటికి చిలీలో రౌలీ అనే స్థానిక చెట్టు కలపతో చేసిన పాత తొట్లే వాడకంలో ఉన్నాయి. తర్వాత చిలీ వైన్ ప్రపంచ మార్కెట్లోకి దూసుకెళ్లిన తీరు తెలిసిందే. ఆ దారిలో మొదటి అడుగుల్లో ఇదొకటి.

చెల్లెలు మారిమార్ టోరెస్ది మరో దారి. 1975లో కాలిఫోర్నియాలో స్థిరపడ్డారు. 1986లో సోనోమా కౌంటీలోని రష్యన్ రివర్ వ్యాలీలో తోట వేశారు. ఆ తోటకు తండ్రి పేరు పెట్టారు.. డాన్ మిగెల్ వైన్‌యార్డ్.

ఇక ఇంట్లో పరిస్థితి? పారిస్‌లో గెలిచినా, చిలీలో జెండా పాతినా కుర్చీ మాత్రం తండ్రిదే. మిగెల్ కార్బో 1991లో కన్నుమూసేవరకు ఆయనే అధ్యక్షుడు. కొడుకు ఆ కుర్చీలో కూర్చునేసరికి 50 ఏళ్లు. కుటుంబ వ్యాపారాలు నడిపే ఇళ్లలో ఇది కొత్తేమీ కాదు. 1982-83లో మిగెల్ పని పక్కన పెట్టి ఫ్రాన్స్‌లోని మాంట్‌పెలియేకి వెళ్లి మళ్లీ విద్యార్థిగా మారారు. ద్రాక్ష సాగు చదివారు. పాత తీగల వేట ఊపందుకున్నది కూడా ఆ దశాబ్దంలోనే.

పేపర్ ప్రకటన వెనక పురుగు

అసలు ఆ తీగలు ఎందుకు మాయమయ్యాయి? కారణం ఒక చిన్న పురుగు. పేరు ఫిలాక్సెరా. అమెరికా నుంచి యూరప్‌కి చేరి, 19వ శతాబ్దం రెండో సగంలో అక్కడి ద్రాక్ష తోటలను వేర్ల నుంచి తినేసింది. ఆ శతాబ్దం చివరికి కాటలోనియా కూడా దాని బారిన పడింది. అమెరికా ద్రాక్ష వేర్లకు ఆ పురుగుని తట్టుకునే శక్తి ఉంది. అందుకే కింద అమెరికా వేరు, పైన యూరప్ కొమ్మ పెట్టి అంటు కట్టారు. తోటలు బతికాయి. కానీ ప్రతి రకాన్నీ తిరిగి అంటు కట్టే ఓపిక ఎవరికీ లేదు. ఎక్కువ కాపు కాసేవి, అమ్ముడుపోయేవి మాత్రమే మళ్లీ నాటారు. మిగతావి అలా అలా మరుగునపడ్డాయి.

పూర్తిగా పోయాయా అంటే లేదు. గట్ల మీద, పాడుబడ్డ పొలాల్లో, చెట్లకు అల్లుకుని అక్కడక్కడా ఒంటరి తీగలు బతికే ఉన్నాయి. వాటి పేర్లు చెప్పగలిగే ముసలివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. పేపర్ ప్రకటన అందుకే. రైతు కబురు పెడితే కంపెనీ మనుషులు వెళ్లి ఆకు, గుత్తి చూసేవారు. తర్వాతి కాలంలో డీఎన్‌ఏ పరీక్ష కూడా చేరింది. చాలాసార్లు తెలిసిన రకమే అని తేలేది. ఎప్పుడో ఒకసారి, ఏ జాబితాలోనూ లేనిది దొరికేది.

దొరికాక కూడా పని అప్పుడే మొదలవుతుంది. వందేళ్లుగా ఒంటరిగా ఉన్న తీగకు వైరస్‌లు పట్టి ఉంటాయి. ల్యాబ్‌లో చిగురు ముక్క నుంచి శుభ్రమైన మొక్క పెంచాలి. దాన్ని పదులు, వందలు చేయాలి. నాటాలి, కాపు రావాలి, కొద్దిగా వైన్ చేసి రుచి చూడాలి. ఒక్కో రకానికి పదేళ్లు దాటిపోతుంది. అన్నీ చేశాక ఆ వైన్ బాగోకపోవచ్చు కూడా. ఇప్పటివరకు 50కి పైగా రకాలు దొరికాయి. వాటిలో మంచి వైన్ ఇచ్చేవి ఓ గుప్పెడే.

మొదట దొరికిన వాటిలో గర్రో ఒకటి. మరో రకానికి ఓ ఊరి పేరే పెట్టారు.. కేరోల్. ఈ రెండింటికీ 'గ్రాన్స్ మురాయెస్' అనే వైన్‌లో చోటు దక్కింది. దాని తొలి పంట 1996. పోబ్లెట్ అనే పాత మఠం దగ్గర్లోని తోట అది. ఫ్రెంచ్ కాబెర్నేతో పేరు తెచ్చుకున్న ఇంటి నుంచి, ఒక్క ఫ్రెంచ్ తీగ కూడా లేని ఖరీదైన వైన్ వచ్చింది.

సరదా అనుకున్నది అవసరమైంది

ఇక్కడే కథ మలుపు తిరుగుతుంది. మొదట్లో ఇది పాత వారసత్వాన్ని కాపాడే పని మాత్రమే. తర్వాత ఎండలు ముదిరాయి. పెనెడెస్‌లో కోతలు రెండు దశాబ్దాల కిందటితో పోలిస్తే సుమారు పది రోజులు ముందుకు జరిగాయి. ఎండ ఎక్కువైతే ద్రాక్షలో చక్కెర త్వరగా పెరుగుతుంది, పులుపు పడిపోతుంది. తొక్క, గింజ మాత్రం అంత వేగంగా పండవు. చక్కెర చూసి కోస్తే గింజ పచ్చి, గింజ పండేదాకా ఆగితే ఆల్కహాల్ మరీ ఎక్కువ. వైన్ చేసేవాళ్లకు ఇది పెద్ద తలనొప్పి.

తిరిగి దొరికిన నాటు రకాల్లో కొన్ని సరిగ్గా ఈ సమస్యకే పనికొస్తున్నాయి. ఫోర్కాదా అనే తెల్ల ద్రాక్ష ఆలస్యంగా పండుతుంది, ఎండలోనూ పులుపు వదలదు. మోనేవ్, గోన్‌ఫావుస్ లాంటి ఎర్ర రకాలు వేడిని, నీటి కొరతను తట్టుకుంటాయి. పరాయి రకం తెచ్చి నాటినందుకు విమర్శలు పడ్డ మనిషికి, ఊరి తీగే చివరికి దారి చూపించింది.

మిగెల్ అక్కడితో ఆగలేదు. వాతావరణ మార్పుల మీద అల్ గోర్ చేసిన ప్రచారాన్ని చూపించే డాక్యుమెంటరీ 'ఆన్ ఇన్‌కన్వీనియంట్ ట్రూత్' 2006లో వచ్చింది. అది చూశాక కుటుంబం 2008లో 'టోరెస్ అండ్ ఎర్త్' కార్యక్రమం మొదలుపెట్టింది. ఏటా లాభాల్లో 11 శాతం దీనికే పెడతారు. సోలార్ ప్యానెళ్లు, బరువు తగ్గించిన సీసాలు, తోటలో కత్తిరించిన కొమ్మల్లాంటి చెత్తతో నడిచే బాయిలర్.. ఇవి చాలామంది చేసేవే. ఆసక్తికరమైనది మరొకటి ఉంది. ద్రాక్ష రసం పులిసేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ కూడా వస్తుంది. మామూలుగా దాన్ని గాల్లోకి వదిలేస్తారు. ఇక్కడ దాన్ని పట్టి, ట్యాంకుల్లో వైన్ పైన ఖాళీలో నింపుతున్నారు. గాలి తగిలి వైన్ పాడవకుండా ఆ వాయువే మూతలా ఉంటుంది. ఇలాంటి పనులకు బయటి నుంచి గ్యాస్ కొనే వైనరీలు చాలానే ఉన్నాయి.

2008తో పోలిస్తే ఒక్కో సీసాకు వచ్చే కార్బన్ ఉద్గారాలను 2020 నాటికి 30 శాతం తగ్గించాలన్న లక్ష్యం దాటేశారు. 2030కి 60 శాతం, 2040కి నెట్ జీరో అన్నవి తర్వాతి లక్ష్యాలు. 2019లో కాలిఫోర్నియాకి చెందిన జాక్సన్ ఫ్యామిలీ వైన్స్‌తో కలిసి 'ఇంటర్నేషనల్ వైనరీస్ ఫర్ క్లైమేట్ యాక్షన్' అనే కూటమి పెట్టారు. ఇక్కడ ఓ చిక్కు ప్రశ్న కూడా ఉంది. బరువైన గాజు సీసాలను సముద్రాలు దాటించే వ్యాపారం ఎంత తగ్గించినా ఎంత తగ్గుతుంది? ఆ ప్రశ్న ఒక్క టోరెస్‌ది కాదు, మొత్తం వైన్ పరిశ్రమది.

ఐదో తరం చేతిలో ఏముంది?

తండ్రిలా కాకుండా మిగెల్ ముందే పక్కకు తప్పుకున్నారు. 2012లో రోజువారీ బాధ్యతలు కొడుకు మిగెల్ టోరెస్ మక్జాసెక్‌కు అప్పగించారు. కూతురు మిరేయా కూడా కెమిస్ట్రీ చదివారు, కుటుంబానికే చెందిన జాన్ లియోన్ వైనరీతో పాటు పరిశోధనల విభాగాన్ని చూసుకున్నారు. ఇంటి పేరులో మక్జాసెక్ ఎక్కడిదంటే తల్లి వైపు నుంచి. మిగెల్ అగస్టిన్ భార్య వాల్‌ట్రౌడ్ జర్మన్ చిత్రకారిణి. జర్మన్ రకం రీస్లింగ్‌తో చేసిన వైన్‌కి ఆమె పేరే పెట్టారు.

కొడుకు అంతకుముందు చిలీలో పనిచేశారు. అక్కడ కూడా ఇదే కథ రిపీట్ అయింది. స్పానిష్ వాళ్లు వందల ఏళ్ల కిందట తెచ్చిన 'పయీస్' అనే రకాన్ని చౌక ద్రాక్ష అని అందరూ చిన్నచూపు చూసేవాళ్లు. చిన్న రైతుల దగ్గరున్న ఆ పాత తీగల పంట కొని 'ఎస్తెలాదో' అనే బుడగల రోజే వైన్ చేశారు. దాంతో కొట్టేయాల్సిన తోటలకు ఓ ధర దొరికింది.

సొంత ఊళ్లో మాత్రం పరీక్ష పెరుగుతోంది. కాటలోనియాను మూడేళ్ల పాటు కరువు వెంటాడింది. 2024 ఫిబ్రవరిలో బార్సిలోనా సహా చుట్టుపక్కల కరవు ఎమర్జెన్సీ ప్రకటించారు. పెనెడెస్‌లో ఎండిపోయిన తీగలు ఎన్నో. వర్షాధారంగా తరాల పాటు నడిచిన తోటలకు ఇప్పుడు నీళ్లు పెట్టాలా, నేలను దున్నకుండా గడ్డి పెంచి తేమ ఆపాలా, రకాలు మార్చాలా.. అన్నీ ఒకేసారి ప్రయత్నిస్తున్నారు.

కొండెక్కడం కూడా అందులో ఒకటి. పిరనీస్ పర్వతాల దిగువన ట్రెంప్ దగ్గర సుమారు 950 మీటర్ల ఎత్తులో భూమి ఉంది. 1990ల చివర్లో కొన్నప్పుడు అక్కడి చలికి ద్రాక్ష సరిగ్గా పండదని చాలామంది అనుకునేవారు. ఇప్పుడు అక్కడ తీగలు కాపు కాస్తున్నాయి.